పాతికేళ్లకు కొత్త ‘డీఆర్‌-జెడ్‌’.. మోజు సరే, మన లెక్క ఏమిటి?

అమెరికాలో మట్టిదారులు పట్టే బైకర్లకు సుజుకీ డీఆర్‌-జెడ్‌400 పాత చుట్టం. 2000 సంవత్సరంలో వచ్చిన ఆ బండి పెద్దగా మార్పుల్లేకుండానే దాదాపు పాతికేళ్లు అమ్ముడైంది. దాని వారసుడిగా ‘డీఆర్‌-జెడ్‌4ఎస్‌’ను 2024 నవంబరులో ఇటలీలోని మిలాన్‌ ప్రదర్శనలో సుజుకీ ఆవిష్కరించింది. 2025 మోడల్‌కు అమెరికాలో ప్రకటించిన ధర 8,999 డాలర్లు. ఆ రోజు నుంచే బైకర్లు రెండు వర్గాలుగా చీలిపోయారు.

డ్యూయల్‌ స్పోర్ట్‌ అంటే నంబర్‌ ప్లేటు, లైట్లు, ఇండికేటర్లతో రోడ్డు మీద చట్టబద్ధంగా తిరుగుతూనే మట్టిదారిలోనూ దూసుకెళ్లే బండి. ట్రెయిలర్‌ మీద ఎక్కించుకోనక్కర్లేదు. ఇంటి గ్యారేజీ నుంచి నేరుగా అడవి దారి వరకు నడుపుకొంటూ వెళ్లొచ్చు.

మెచ్చినవి ఇవీ..

పాత బండిలో కార్బురేటర్‌ ఉండేది. చలికాలం ఉదయం స్టార్ట్‌ చేయాలన్నా, ఎత్తైన కొండల మీద నడపాలన్నా కాస్త బుజ్జగించాల్సి వచ్చేది. కొత్తదానికి ఫ్యూయల్‌ ఇంజెక్షన్‌ వచ్చింది. ట్రాక్షన్‌ కంట్రోల్‌, ఏబీఎస్‌ కూడా చేరాయి. మట్టిలో వెనుక చక్రాన్ని కావాలని జారించేవారి కోసం ఏబీఎస్‌ను ఆపేసే వీలుంది. దీన్ని దాదాపు అందరూ మెచ్చుకున్నారు.

పెదవి విరుపు ఎందుకు?

మొదటి ఫిర్యాదు ధర. ఇదే తరగతిలో హోండా సీఆర్‌ఎఫ్‌300ఎల్‌ 6 వేల డాలర్లలోపే దొరుకుతోంది. రెండోది గేర్లు. హైవే మీద ఇంజిన్‌ తేలిగ్గా పరుగెత్తాలని ఆరో గేరు కోసం ఏళ్లుగా ఎదురుచూసినవారికి మళ్లీ ఐదే దక్కాయి. మూడోది బరువు. పాతది 144 కిలోలు, కొత్తది 151. పైగా ట్యాంకు 10 లీటర్ల నుంచి 8.7 లీటర్లకు తగ్గింది. పెట్రోలు బంకులు దూరదూరంగా ఉండే ఎడారి దారుల్లో తిరిగేవారికి ఇది చిన్న విషయం కాదు.

మనవాళ్లు చూడాల్సింది

వారాంతాల్లో మాత్రమే బండి తీసే మన కుటుంబాలకు ఈ వాదనల్లో సగం అక్కర్లేనివే. ఆరో గేరు కన్నా ముందు చూడాల్సింది సీటు ఎత్తు. అది 92 సెంటీమీటర్లు, అంటే సుమారు మూడడుగులు. ఊళ్లో స్ప్లెండరో, బుల్లెట్టో ఏళ్ల తరబడి నడిపినవారికి కూడా కాళ్లు పూర్తిగా ఆనకపోవచ్చు. షోరూంలో ఒకసారి ఎక్కి కూర్చుంటే తేలిపోతుంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్‌ విలువ కొత్తవారికే ఎక్కువ.

ఇక్కడ కారు లైసెన్సుతో ఇలాంటి బండి నడపకూడదు. మోటార్‌సైకిల్‌కు విడిగా అనుమతి తీసుకోవాలి. టెక్సస్‌లో అందుకు శిక్షణ కోర్సు తప్పనిసరి. చాలా రాష్ట్రాల్లో కోర్సు పూర్తిచేస్తే రైడింగ్‌ పరీక్ష నుంచి మినహాయింపు ఉంటుంది. అడవి దారులన్నీ వాహనాలకు తెరిచి ఉండవు. ఏ దారిలో ఏ బండికి అనుమతి ఉందో చూపే మ్యాపులను ఫారెస్ట్‌ సర్వీస్‌ ఉచితంగా ఇస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం బీమా. న్యూజెర్సీ, న్యూయార్క్‌, ఫ్లోరిడాల్లో కారు ప్రమాదానికి వైద్య ఖర్చులిచ్చే ‘నో ఫాల్ట్‌’ రక్షణ మోటార్‌సైకిల్‌ నడిపేవారికి వర్తించదు. ఆసుపత్రి బిల్లు మన ఆరోగ్య బీమా మీదే పడుతుంది. మైళ్ల లెక్కన చూస్తే కారులో వెళ్లేవారికన్నా బైకర్లకు ప్రాణాపాయం 20 రెట్లకు పైగా ఎక్కువని అమెరికా రహదారి భద్రతా సంస్థ గణాంకాలు చెబుతున్నాయి. ఇంట్లోవాళ్లు ‘వద్దు’ అంటే అది ఉత్త భయం కాదు.

కాబట్టి 8,999 డాలర్లనే అసలు ధర అనుకోవద్దు. పన్నులు, మంచి హెల్మెట్‌, జాకెట్‌, బూట్లు, శిక్షణ, బీమా అన్నీ కలిపి కాగితం మీద వేసి, ఆ కాగితాన్ని భార్యాభర్తలిద్దరూ కూర్చుని చూడాలి. ఆ లెక్క బడ్జెట్‌ దాటితే చవకబండి తీసుకుని, మిగిలిన డబ్బు రక్షణ సామగ్రికి పెట్టడమే మేలు.