మచ్చు పాట – గది చేయు మాయ

1953లో అమెరికాలోని మెంఫిస్ నగరమున ఎల్విస్ ప్రెస్లీ అను పదునెనిమిదేండ్ల యువకుడు సుమారు నాలుగు డాలర్లు చెల్లించి, ఒక చిన్న స్టూడియోలో రెండు పాటలు రికార్డు చేయించుకొనెను. మరుసటి సంవత్సరము ఆ స్టూడియో యజమాని శాం ఫిలిప్సే అతని మొదటి గ్రామఫోను రికార్డును విడుదల చేసెను. గాయకుడు తన కంఠమును ఇతరులకు వినిపించుటకై చేయించు ఇట్టి మచ్చు రికార్డును ‘డెమో’ అందురు. నేడు దీనిని ఇంటిలోనే సెల్ ఫోనుతో చేసికొనవచ్చును. అయినను, ఎదుట పాడినపుడు ఇంపుగా నున్న కంఠమే రికార్డులో బావిలోనుండి వచ్చినట్లు వినబడుట కలదు. దోషము గాయకునిదా? యంత్రమునదా? తరచు ఆ రెంటిదియు కాదు; గదిది.

ఖాళీ గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి వినుడు. చప్పుడు వెంటనే ఆగదు. గోడలు, కప్పు, గచ్చు ధ్వనిని మరల మరల పరావర్తనము చేయుటచే అది కొంతసేపు నిలిచి క్రమముగా సన్నగిల్లును. దీనిని అనురణనము అందురు. రెండు చెవుల సహాయమున మన మెదడు ఎదుటివాని కంఠమును ఈ రొదనుండి చాలవరకు వేరుచేసికొనగలదు. ఒంటరి మైక్రోఫోనుకు ఆ నేర్పు లేదు. తనను చేరినదెల్ల గ్రహించును.

1895లో హార్వర్డు విశ్వవిద్యాలయమున, మాటలు స్పష్టముగా వినబడని ఒక ఉపన్యాస మందిరమును చక్కజేయు పని వాలెస్ సేబిన్ అను భౌతికశాస్త్రజ్ఞునికి అప్పగింపబడెను. ఆయన ఆ మందిరమున మెత్తని దిండ్లను పరచి, వాటి సంఖ్య పెరిగినకొలది అనురణన కాలము తగ్గుటను కొలిచి చూపెను. మన ఇండ్లలో బొంతలు, పరుపులు ఈ పనియే చేయును. అయితే ఇవి హెచ్చు పౌనఃపున్యములను శోషించినంతగా తక్కువవాటిని శోషింపవు. తక్కువ పౌనఃపున్యములు మూలలలో పోగగును గనుక గది మూలను పాడరాదు.

రెండవ ఉపాయము దూరము. మైక్రోఫోనుకు దూరము రెట్టింపైనచో నేరుగా చేరు ధ్వని తీవ్రత నాలుగవ వంతగును. గోడల నుండి వచ్చు రొద మాత్రము గదియంతటను ఇంచుమించు ఒకే తీరున నుండును. కనుక నాలుగడుగుల నుండి ఒక అడుగునకు జరిగినచో, రొదతో పోల్చినపుడు కంఠపు తీవ్రత పదునారు రెట్లగును. మరీ దగ్గరైనచో ప, ఫ, భ వంటి అక్షరముల ఊపిరి తగిలి ‘ధబ్’మను చప్పుడు వచ్చును. మైక్రోఫోనును కొంచెము ప్రక్కకు జరిపిన చాలును.

మూడవది మట్టము. సి.డి. పద్ధతిలో ధ్వని తరంగపు ఎత్తును సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా వ్రాయుదురు. ఒక్కొక్క కొలతకు 65,536 మెట్లు కలవు. గొంతెత్తినపుడు తరంగము చివరి మెట్టును దాటినచో శిఖరము తెగిపోవును. ఆ గరగరను తరువాత పూర్తిగా తొలగింపలేము. అందుచే పాటలో అన్నింటికన్న బిగ్గరగా నుండు భాగమును ముందు పాడి, దానికి తగినట్లు మట్టమును తగ్గించుకొనవలెను.

విద్యార్థులు పంకా నిలిపి, ఒకే పల్లవిని అర అడుగు, ఒకటి, రెండు, నాలుగు అడుగుల దూరమునుండి ఖాళీ గదిలో ఒకసారి, బొంతలు వ్రేలాడదీసి మరియొకసారి రికార్డు చేసి పోల్చి చూడవచ్చును. పరికరము ఒకటే, కంఠమును ఒకటే. భేదమంతయు గదిది, దూరముది. ఖరీదైన మైక్రోఫోను కొనలేని గాయకుని మచ్చు పాట గదిమూలమున త్రోసివేయబడకుండుటకు ఈ కొద్దిపాటి శాస్త్రజ్ఞానము తోడ్పడును.