పెన్సిల్ గీత, కంప్యూటర్ గీత

ఖరగ్‌పూర్ అనగానే తెలుగువారికి రైల్వే గుర్తొస్తుంది. రైల్వే పనుల కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. ఆ పట్టణం పక్కనే ఉన్న హిజ్లీలో, ఒకప్పటి నిర్బంధ శిబిరం భవనంలో, 1951లో దేశంలోని తొలి ఐఐటీ మొదలైంది. అక్కడ బీ.ఆర్క్ చదవాలనుకునేవారు రెండు రకాల పరీక్షలు దాటాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్ 2018 నుంచి పూర్తిగా కంప్యూటర్‌పైనే జరుగుతోంది. అది గట్టెక్కాక మాత్రం పెన్సిల్, రంగులు పట్టుకుని, మూడు గంటలపాటు కాగితంపై బొమ్మలు గీసి ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ నెగ్గాలి. చాదస్తంలా కనిపించినా, ఈ పద్ధతిలో అర్థం ఉంది.

డిజైన్ తరగతుల్లోకి కంప్యూటర్ రావడానికి అడ్డంకులంటే యంత్రాల ఖరీదు, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు గుర్తొస్తాయి. అవి డబ్బుతో తీరేవి. అసలు చిక్కు గీత దగ్గరే ఉంది.

చేత్తో వేసిన తొలి స్కెచ్‌లో ఒక గీత ఇప్పుడు గోడ, మరుక్షణం వరండా అంచు. ఏదీ తేలని ఆ స్థితిలోనే కొత్త ఆలోచనలు వస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం గీత అంటే రెండు చివరల నిరూపకాలు. గోడ అంటే మందం ఎంత, ఎత్తు ఎంత అని అడుగుతుంది. 1963లో అమెరికాలోని ఎంఐటీలో ఐవాన్ సదర్లాండ్ రూపొందించిన స్కెచ్‌ప్యాడ్ నుంచీ ఇదే వరస. తెరపై లైట్ పెన్‌తో ఉజ్జాయింపుగా గీసి షరతు పెడితే, అది గీతలను కచ్చితంగా సమాంతరం చేసేది. ఇంజనీరుకు అది వరమే. మొదటి ఏడాది విద్యార్థి మాత్రం ఆలోచన తేలకముందే అంకె చెప్పేస్తాడు. బొమ్మ అప్పుడే పూర్తయినట్టు కనిపిస్తుంది కాబట్టి చెరపబుద్ధి కాదు.

కొలతలూ అంతే. 1:100 స్కేలులో 90 సెంటీమీటర్ల తలుపు కాగితంపై 9 మిల్లీమీటర్లు. పదిసార్లు గీస్తే కంటికి పట్టుబడుతుంది. జూమ్ చేసే తెరపై తలుపు గడియా, వీధి మొత్తమూ ఒకే సైజులో కనిపిస్తాయి.

అలాగని కంప్యూటర్‌ను వద్దనలేం. నీడల సంగతే చూడండి. హిజ్లీ సుమారు 22.3 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై, కర్కటరేఖకు కాస్త దక్షిణంగా ఉంది. డిసెంబరు 21 మిట్టమధ్యాహ్నం అక్కడ సూర్యుడు దక్షిణాన దాదాపు 44 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. జూన్ 21న నడినెత్తి దాటి ఒక డిగ్రీ ఉత్తరానికి జరుగుతాడు. కిటికీపై సన్‌షేడ్ ఎంత ముందుకు రావాలో తేల్చేది ఈ కోణాలే. ఏడాది పొడవునా గంటగంటకూ నీడలు చేత్తో గీయాలంటే రోజులు పడుతుంది. సాఫ్ట్‌వేర్ క్షణాల్లో చూపిస్తుంది. అయితే ఫైల్‌లో ఉత్తర దిక్కు తప్పుగా పెడితే, అంతకుముందు నాలుగు నీడలైనా చేత్తో గీసినవారికే అనుమానం వస్తుంది. తెర మీది భవనం మాత్రం ఎప్పటిలాగే అందంగా ఉంటుంది.