ఒకటీ ఒకటీ... ఒకటిన్నర!

పాత గ్రాఫిక్స్ కార్డుకు జోడీ వెతకాలా? దాన్ని పక్కనపెట్టి కొత్తది ఒక్కటే కొనాలా? గేములాడే పిల్లలున్న ఇళ్లలో తరచూ వచ్చే చర్చ ఇది. వేల రూపాయల ప్రశ్న కూడా. జవాబు తెలియాలంటే పాతికేళ్లు పైబడిన ఓ కథ వినాలి.

‘నాన్నా, మన కంప్యూటర్లో ఉన్న గ్రాఫిక్స్ కార్డులాంటిదే ఇంకోటి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది. రెండూ కలిపి పెడితే స్పీడు డబుల్ అయిపోతుందట!’

‘మొన్న కొత్తది కావాలన్నావు కదరా?’

‘అది పాతికవేల పైమాటే. ఇదైతే అందులో నాలుగో వంతు కూడా కాదు.’

ఈ మాట వింటే ఏ తండ్రి మనసైనా చవకదాని వైపే మొగ్గుతుంది. పాతికవేలెక్కడ, ఐదారువేలెక్కడ! పైగా అబ్బాయి ఇంటి ఖర్చు ఆలోచించి మరీ అడుగుతున్నాడు. కాదనడానికి కారణం కనిపించదు.

కానీ ఉంది. ఒకటి కాదు, అరడజను. అవేంటో తెలుసుకోకుండా రెండో కార్డు తెచ్చి బిగించాక ఆట మునుపటిలాగే నత్తనడక నడిస్తే పోయేది డబ్బొక్కటే కాదు. ‘నీ మాట విని కొన్నాను చూడు’ అనిపించుకున్న పిల్లాడు ఇంకోసారి ఏదైనా అడగడానికి జంకుతాడు. తండ్రేమో ఇంకోసారి అడిగినా నమ్మడు.

అసలీ కార్డు పనేంటి?

సినిమా అయితే ముందే తీసేసిన బొమ్మలు వరసగా తెరమీద కదిలిపోతాయి. గేములో అలా కాదు. ఆడేవాడు కుడికి తిరిగితే గోడ, ఎడమకు తిరిగితే చెట్టు... ఏ బొమ్మకా బొమ్మ అప్పటికప్పుడు గీయాల్సిందే. ఏ వస్తువు ఎక్కడుందో, ఎటు కదులుతోందో లెక్కగట్టి చెప్పేది ప్రాసెసర్. దానికి రంగులూ నీడలూ వెలుతురూ అద్ది బొమ్మగా మార్చేది గ్రాఫిక్స్ కార్డు.

మామూలు ఫుల్ హెచ్‌డీ తెరమీద 20 లక్షల 73 వేలకు పైగా చుక్కలుంటాయి. ఆట సాఫీగా సాగాలంటే అన్ని చుక్కలున్న బొమ్మలు సెకనుకు 60 కావాలి. అంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం సెకనులో అరవయ్యో వంతు! కార్డు ఆ వేగం అందుకోలేనప్పుడే ఆట ఆగి ఆగి నడుస్తుంది. ‘ఒకరితో కాని పని ఇద్దరితో చేయిస్తే?’ అన్న ఆలోచన పుట్టిందీ అందుకే.

వూడూ మాయ

ఆ ఆలోచనను ఇంటింటి కంప్యూటర్ దాకా తెచ్చింది అమెరికాకు చెందిన త్రీడీఎఫ్‌ఎక్స్ కంపెనీ. 1998లో ‘వూడూ2’ కార్డును విడుదల చేస్తూ, అలాంటివి రెండు కొని చిన్న తీగతో కలుపుకోవచ్చని చెప్పింది. తెరమీది సరి గీతలన్నీ ఒక కార్డు గీస్తే, బేసి గీతలన్నీ రెండోది గీసేది. ఈ పద్ధతి పేరు స్కాన్‌లైన్ ఇంటర్‌లీవ్. పొట్టిగా ఎస్‌ఎల్‌ఐ. ఒక్క కార్డు 800 బై 600 చుక్కల దగ్గరే ఆగిపోతే, జంట 1024 బై 768 దాకా వెళ్లేది. ఒక్కదానితో అందనిది రెండింటితో అందింది. అదీ మాయ!

ఆ కంపెనీ ఎక్కువకాలం నిలవలేదు. దాని ఆస్తులు కొంటున్నట్టు ఎన్విడియా 2000 డిసెంబరులో ప్రకటించింది. 2004లో జీఫోర్స్ 6800 కార్డులతో ఎస్‌ఎల్‌ఐ పేరుకు మళ్లీ ప్రాణం పోసింది. పొట్టిపేరు అదే, విస్తరణ మాత్రం స్కేలబుల్ లింక్ ఇంటర్‌ఫేస్‌గా మారింది. మరుసటి ఏడాదే పోటీ కంపెనీ ఏటీఐ ‘క్రాస్‌ఫైర్’ పేరుతో తన జంటను తెచ్చింది. ఆ ఏటీఐని 2006లో ఏఎండీ కొనేసింది. ఇక ఆ తర్వాత పదేళ్లపాటు గేమింగ్ కంప్యూటర్ అంటే క్యాబినెట్ అద్దంలోంచి పక్కపక్కనే మెరిసే రెండు కార్డులే. కుర్రకారు కలల్లోకి వచ్చిన బొమ్మ అదే.

పెనాలు రెండు... చెయ్యి ఒకటే

కొత్త జంటలు పనిచేసే తీరు వేరు. మొదటి బొమ్మ ఒక కార్డు గీస్తుంది. రెండోది రెండో కార్డు. మూడోది మళ్లీ మొదటిది. పొయ్యిమీద రెండు పెనాలు పెట్టి దోసెలు పోసినట్టన్నమాట. లెక్కప్రకారం దోసెలు రెట్టింపు రావాలి. వస్తాయా?

పెనాలు రెండున్నా పిండి పోసే చెయ్యి ఒకటే. ఆ చెయ్యి ప్రాసెసర్. అది ఒక్క కార్డుకే సరిపడా పని అందించలేకపోతుంటే రెండోది తెచ్చినా ఖాళీగా కాగుతుందంతే. అన్నీ కుదిరిన ఆటల్లో జంట వేగం రెట్టింపు దగ్గరకు వచ్చిన మాట నిజమే. కానీ కొన్నిటిలో ఒకటిన్నర రెట్లే. ఇంకొన్నిటిలో అసలు తేడానే ఉండదు. ఒక్కోసారి ఒక్క కార్డుకన్నా నెమ్మది కూడా!

మెమరీ సంగతి మరీ తమాషా. 4 జీబీ కార్డులు రెండు కలిస్తే 8 జీబీ అనుకుంటారు చాలామంది. కాదు... 4 జీబీనే. ఎవరి వంతు బొమ్మ వాళ్లు గీయాలి కాబట్టి గోడలూ మనుషులూ చెట్ల వివరాలన్నీ రెండు కార్డుల్లోనూ ఉండాల్సిందే. ఒకే పాఠ్యపుస్తకం రెండు కాపీలు కొన్నట్టు. డబ్బు రెట్టింపవుతుంది, పాఠాలు కావు.

ఒకేసారి రెండు బస్సులు

అన్నిటికన్నా చిక్కు ఇంకోటుంది. మీ ఊరికి గంటకు రెండు బస్సులని స్టాండులో బోర్డు ఉందనుకోండి. అరగంటకొకటి వస్తే హాయి. అలా కాకుండా రెండూ ఒకదాని వెనకొకటి వచ్చి, మిగతా గంటంతా ఒక్కటీ రాకపోతే? బోర్డు అబద్ధం కాదు. ప్రయాణికుడి అవస్థా అబద్ధం కాదు.

జంటకార్డుల్లో జరిగింది సరిగ్గా ఇదే. సెకనుకు 60 బొమ్మలంటే బొమ్మకూ బొమ్మకూ మధ్య దాదాపు 17 మిల్లీసెకన్లు ఉండాలి. కానీ ఒక బొమ్మ 5 మిల్లీసెకన్లకే వచ్చి, తర్వాతిది 28 మిల్లీసెకన్లు ఆగి వస్తే సగటు మాత్రం 60 దగ్గరే కనిపిస్తుంది. కంటికేమో ఆట కుదుపులతో నడుస్తుంది. దీన్నే మైక్రో స్టట్టర్ అంటారు. సగటును నమ్మడం మాని ఒక్కో బొమ్మకు పట్టే సమయాన్ని కొలిచే పద్ధతి 2011 తర్వాత సమీక్షల్లో బాగా ప్రచారంలోకి వచ్చింది. అప్పుడుగానీ ఈ లోపం అందరికీ అంకెల్లో కనిపించలేదు. దాన్ని సరిచేయడానికి ఏఎండీ 2013 ఆగస్టులో ప్రత్యేకంగా డ్రైవర్ విడుదల చేయాల్సి వచ్చింది.

2007 నేర్పిన పాఠం

‘ఇప్పుడు మధ్యరకం కార్డు ఒకటి కొందాం... తర్వాత డబ్బు చేతికొచ్చాక అలాంటిదే ఇంకోటి కలుపుదాం’ అన్నది మధ్యతరగతికి నచ్చే ఆలోచన. అది ఎంతవరకు పనికొస్తుందో తేల్చి చెప్పిన ఏడాది 2007.

ఆ ఏప్రిల్‌లో జీఫోర్స్ 8600 జీటీ వచ్చింది. ధర సుమారు 150 డాలర్లు. లోపల బొమ్మ లెక్కలు చేసే చిన్న చిన్న ప్రాసెసర్లు 32. రెండు కొని కలిపితే 64. ఖర్చు దాదాపు 300 డాలర్లు. ఆరు నెలలు తిరిగేసరికి, అక్టోబరు చివర్లో, జీఫోర్స్ 8800 జీటీ వచ్చింది. ధర 250 డాలర్ల లోపే. అందులో అలాంటి చిన్న ప్రాసెసర్లు ఏకంగా 112! మెమరీతో మాట్లాడే దారి కూడా రెట్టింపు వెడల్పు. రెండు చిన్నవాటికన్నా పెద్దది ఒకటి చవగ్గానూ వచ్చింది, బలంగానూ ఉంది. ఎస్‌ఎల్‌ఐ కుదిరిందా లేదా అన్న బెంగ లేనేలేదు.

అదే కాలంలో ఇంకో పాఠం. విండోస్ విస్టాతో పాటు డైరెక్ట్‌ఎక్స్ 10 వచ్చింది. దాన్ని అర్థం చేసుకునే శక్తి జీఫోర్స్ 8 వరస కార్డులకే ఉంది. అంతకుముందు ఏడు వరస కార్డులు రెండు కాదు, నాలుగు కలిపినా ఆ కొత్త హంగులు చూపించలేవు. వేగాన్ని కలపొచ్చేమో కానీ, రెండింటిలోనూ లేని గుణం రెండూ కలిస్తే రాదు కదా!

తెచ్చినవాళ్లే పక్కనపెట్టారు

డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చాక (2015) జంటకార్డులను నడిపే భారం చాలావరకు డ్రైవర్ల నుంచి ఆట తయారుచేసేవాళ్ల మీదికి వెళ్లింది. రెండు కార్డులున్న వాళ్లే కొద్దిమంది. వాళ్లకోసం నెలల తరబడి శ్రమపడే కంపెనీలు ఎన్నుంటాయి? పైగా కొత్త ఆటలు ముందు బొమ్మలోని వివరాలు తీసుకుని తర్వాతి బొమ్మను మెరుగుపరుస్తాయి. ముందు బొమ్మ ఒక కార్డులో, తర్వాతిది ఇంకో కార్డులో ఉంటే వివరాలు అటూ ఇటూ మోయడానికే సమయం సరిపోతుంది.

దాంతో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. 2016లో వచ్చిన మధ్యరకం జీటీఎక్స్ 1060కి ఎస్‌ఎల్‌ఐ సదుపాయమే ఇవ్వలేదు. 2019లో ఏఎండీ ఆర్‌ఎక్స్ 5700 వరస క్రాస్‌ఫైర్ లేకుండానే వచ్చింది. ఎన్విడియా 30 వరసలో జంట కట్టే వీలు అన్నిటికన్నా ఖరీదైన 3090 రకానికే మిగిలింది. 2021 జనవరి 1 నుంచి ఎస్‌ఎల్‌ఐ కోసం కొత్త ఆటల ప్రొఫైళ్లు ఇవ్వబోమని ఎన్విడియా చెప్పేసింది. 2022లో వచ్చిన 40 వరసలో ఆ కార్డులను కలిపే చోటే తీసేసింది.

మన ఇంటి లెక్క

ఇప్పుడు మొదట అడిగిన అబ్బాయి దగ్గరకొద్దాం. ఇంట్లో ఉన్నది 2014 నాటి జీటీఎక్స్ 970 అనుకుందాం. దానికి జోడీ తెస్తే రెండూ కలిసి 290 వాట్లు లాగుతాయి. మెమరీ 4 జీబీనే. జంటను పట్టించుకోని కొత్త ఆటల్లో రెండోది ఊరికే కూర్చుంటుంది. అదే 2023లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4060 అయితే ఒక్కటే 115 వాట్లు. మెమరీ 8 జీబీ.

తేడా 175 వాట్లు. రోజూ నాలుగు గంటలు రెండు కార్డులూ పూర్తి బలంతో నడిస్తే నెలకు 21 యూనిట్లు, ఏడాదికి 250కి పైగా. ఆ కరెంటంతా చివరికి వేడిగా మారి గదిలోకే వస్తుంది. మే నెలలో, ఏసీ లేని గదిలో దాని అర్థమేమిటో మనకు వేరే చెప్పాలా? అంత లోడుకు పాత ఎస్‌ఎంపీఎస్ చాలకపోతే అదీ మార్చాలి. మదర్‌బోర్డులో జంటకు తగిన రెండో స్లాట్ లేకపోతే బోర్డూ మార్చాలి. ఐదారువేల బేరం ఎక్కడికి పోతుందో చూశారా?

2007 నాటి రెండో పాఠం ఇప్పుడూ వర్తిస్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ద గ్రేట్ సర్కిల్’ ఆట నడవాలంటే కార్డులోనే రే ట్రేసింగ్ సదుపాయం ఉండి తీరాలి. ఒకప్పటి రారాజు జీటీఎక్స్ 1080లు రెండు పెట్టినా ఆ గడప దాటలేవు.

జంట అసలు పనికే రాదా?

వస్తుంది... వేరే చోట. యానిమేషన్ బొమ్మలను బ్లెండర్ వంటి సాఫ్ట్‌వేర్లలో తయారుచేసేవాళ్లకు, కృత్రిమ మేధ నమూనాలతో పనిచేసేవాళ్లకు రెండు కార్డులు నిజంగానే కలిసొస్తాయి. అక్కడ బొమ్మ సెకనులో అరవయ్యో వంతులోనే రావాలన్న తొందర లేదు. పనిని ముక్కలు చేసి పంచితే చాలు. ఆటల్లోనూ, మధ్య బొమ్మలను రెండో కార్డుతో కల్పించే సాఫ్ట్‌వేర్లు ఈమధ్య వచ్చాయి. అవి ప్రయోగాలు చేసే ఔత్సాహికులకు. ఉన్న డబ్బంతా ఒక్క కార్డుమీదే పెట్టే ఇంటికి కాదు.

కొనేముందు ఈ ఐదూ...

ఇబ్బంది కార్డుదేనా? ఆట సెట్టింగుల్లో రెజల్యూషన్ తగ్గించి చూడండి. వేగం బాగా పెరిగితే లోపం కార్డుది. పెరగకపోతే ప్రాసెసర్‌ది. అప్పుడు ఏ కార్డు కొన్నా దండగే.

దుమ్ము దులిపారా? ఫ్యాన్లు మూసుకుపోయి వేడెక్కితే కార్డు తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. బ్రష్షుతో పోయేదానికి పాతికవేలెందుకు?

తెర ఏది? ఫుల్ హెచ్‌డీ మానిటరుకు 4కే కార్డు అక్కర్లేదు. మానిటరును బట్టి కార్డు ఎంచుకోండి.

చోటుందా? కార్డు పొడవు, ఎస్‌ఎంపీఎస్ వాట్లు, దాని పవర్ కనెక్టర్లు... మూడూ కాగితంమీద రాసుకున్నాకే సికింద్రాబాద్ సీటీసీకైనా, మీ ఊరి దుకాణానికైనా వెళ్లండి.

పాతదైతే చరిత్ర అడిగారా? క్రిప్టో కరెన్సీ తవ్వకాల్లో రాత్రింబవళ్లు నలిగిన కార్డులు, 2022 సెప్టెంబరులో ఈథరియం ఆ పద్ధతిని మానేశాక, సెకండ్‌హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి. ఎదురుగా అరగంట ఆట నడిపించి చూడనిదే, బిల్లు అడగనిదే డబ్బివ్వకండి.

ఇక ఆ అబ్బాయికి ఏం చెప్పాలి? ‘వద్దు’ అని కాదు. ‘ఆ ఐదారువేలు ఇప్పుడు ఖర్చుపెట్టొద్దు. పక్కన పెడదాం. పాత కార్డు అమ్మితే వచ్చేది దానికి కలుపుదాం. మిగిలింది కూడబెట్టి, నాలుగు నెలలాగి కొత్తది ఒక్కటే కొందాం’ అని చెప్పండి. ఈలోగా సెట్టింగులు కాస్త తగ్గించుకుంటే పాత కార్డుతోనే ఆట నడుస్తుంది.

పెనం మంచిది కాకపోతే ఒకటికి రెండు పెట్టినా దోసె అంటుకుంటూనే ఉంటుంది. కావాలంటే వంటింట్లోకి వెళ్లి అమ్మనడగండి!