వరి నారుకు అమినో ఆమ్లాలు ఎందుకు?

షోలాపూర్‌లో, తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీల పేటల్లో, మగ్గమున్న ఇంటి పిల్లలకు గంజి బాగా తెలుసు. పడుగు దారానికి బలమిచ్చే ఆ గంజిని వరి నారుకు పోస్తే ఏపుగా పెరుగుతుందా? పెరగదు. గంజిలో నీరు పోగా మిగిలేది దాదాపు అంతా పిండిపదార్థమే. అంటే కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. ఆకు పచ్చబడాలంటే నత్రజని కావాలి. అది అమినో ఆమ్లాల్లో ఉంది.

నిజానికి మొలక తొలి రోజుల్లో నత్రజని కోసం తినేది వాటినే! గింజలో దాగిన గ్లుటెలిన్ అనే ప్రోటీన్ అమినో ఆమ్లాలుగా విడిపోయి లేత వేరుకు, ఆకుకు అందుతుంది. సుమారు మూడు ఆకులు వచ్చేసరికి గింజలోని నిల్వ అడుగంటుతుంది. ఆపైన వేర్లు బురదలో అమ్మోనియం రూపంలో ఉన్న నత్రజనిని పీల్చుకోవాలి, శక్తి ఖర్చుపెట్టి దాన్ని గ్లుటమిన్ అనే అమినో ఆమ్లంగా మార్చుకోవాలి. బయటి నుంచి అమినో ఆమ్లాలు అందిస్తే, పడుగు ఎక్కించి ఇచ్చిన మగ్గంలా, కొంత పని ముందే అయిపోతుంది. వాటిని లోపలికి చేరవేసే ప్రత్యేక ప్రోటీన్లు వరి వేళ్లలో ఉన్నాయి.

అయితే అమినో ఆమ్లాల మోతాదు మించితే వేరు ఎదుగుదల కుంటుపడుతుంది. మట్టిలోని సూక్ష్మజీవులూ వాటిని చకచకా తినేస్తాయి. అందుకే ఇవి ఎరువుకు తోడు మాత్రమే. మన దేశంలో 2021లో వీటిని బయోస్టిమ్యులెంట్లుగా, అంటే మొక్క పెరుగుదలకు ఊతమిచ్చేవిగా, ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చారు. ఊళ్లో సేద్యం చేసే మీ బంధువులు అమినో ఆమ్లాల సీసా కొంటే, లేబుల్ మీది మోతాదు మీరే చదివి వినిపించండి.