భాగం 9 : ఇంటిల్లిపాదికీ గజ్జి – చిన్నపిల్లలున్న కుటుంబంలో చికిత్స, నివారణ

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• గజ్జిని కలిగించే పరాన్నజీవి జీవితచక్రాన్ని వివరించగలుగుతారు.
• దురద లేనివారు కూడా మందు ఎందుకు రాసుకోవాలో కారణాలతో చెప్పగలుగుతారు.
• పసిపిల్లలున్న ఇంట్లో చికిత్సను ఒక క్రమంలో అమలుచేయగలుగుతారు.

9.1 పరిచయం

గజ్జి ప్రాణం తీసే జబ్బు కాదు. కాని నెలల తరబడి ఇంట్లో ఎవరికీ నిద్ర లేకుండా చేస్తుంది. దానికి తోడు, ఇది మురికివాళ్ళకే వస్తుందన్న అపవాదు ఒకటి. ఆ సిగ్గు వల్ల చాలామంది జబ్బును దాస్తారు. దాచినకొద్దీ అది ఇల్లంతా పాకుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

నా అనుభవం ఒకటి చెబుతాను. మా అబ్బాయికి నాలుగేళ్ళప్పుడు గజ్జి వచ్చింది. అప్పటికే నేను ఈ పురుగు బొమ్మను ఏటా నల్లబల్లమీద గీసి పాఠం చెబుతున్నవాణ్ణి. అయినా ఇంట్లో వాడొక్కడికే లోషన్ రాశాం. మాకెవరికీ దురద లేదు కదా అనుకున్నాం. తగ్గినట్లే తగ్గి నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. పక్కింటి పిల్లవాడి వల్లే వచ్చిందని వాణ్ణి మా ఇంటికి రానివ్వలేదు. కొన్నాళ్ళకు, రోజూ మా అబ్బాయిని పక్కలో వేసుకుని పడుకునే మా అమ్మకు వేళ్ళ సందుల్లో దురద మొదలైంది. అప్పుడు గాని మా తప్పు మాకు తెలియలేదు. ఈ పాఠం సారమంతా ఆ తప్పులోనే ఉంది.

9.2 పరాన్నజీవి – జీవితచక్రం

గజ్జికి కారణం సార్కాప్టిస్ స్కేబియై అనే బాహ్య పరాన్నజీవి. ఇది కీటకం కాదు. సాలీడు, తేలు, పశువులను పట్టే పిడుదు చేరిన అరాక్నిడా విభాగానికి చెందినది. మిరప రైతులు నల్లి అనే పురుగుకు ఇది దూరపు బంధువు. 1687లోనే ఇటలీకి చెందిన బొనోమో, చెస్టోని దీన్ని సూక్ష్మదర్శినితో చూసి, గజ్జికి ఇదే కారణమని రాశారు.

ఆడ పురుగు పొడవు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు. అది చర్మం పైపొరలో బొరియ తొలుచుకుంటూ రోజుకు 2, 3 గుడ్లు పెడుతుంది. 3, 4 రోజుల్లో గుడ్లనుంచి ఆరు కాళ్ళ డింభకాలు వస్తాయి. అవి సుమారు రెండు వారాల్లో ఎనిమిది కాళ్ళ ప్రౌఢజీవులవుతాయి. మామూలు గజ్జిలో ఒక మనిషి ఒంటిమీద ఉండే పురుగులు 10, 15కు మించవు. ఒళ్ళంతా వచ్చే దురద పురుగు కొరకడం వల్ల కాదు. పురుగుకు, దాని గుడ్లకు, విసర్జకాలకు మన శరీరం చూపే ఎలర్జీయే ఆ దురద.

9.3 దురద లేని కాలం

ఈ ఎలర్జీ ఏర్పడడానికి సమయం పడుతుంది. మొదటిసారి గజ్జి సోకినవారికి 4 నుంచి 6 వారాల వరకు దురద ఉండకపోవచ్చు. కాని ఆ కాలంలో కూడా వారినుంచి ఇతరులకు సోకుతుంది. ఒకసారి వచ్చి తగ్గినవారికి మళ్ళీ సోకితే 1 నుంచి 4 రోజుల్లోనే దురద మొదలవుతుంది. అందుకే మా అబ్బాయి గోక్కున్నాడు, మేం గోక్కోలేదు. దురద ఉన్నవారికే మందు రాయడమంటే, ఒక గదిలో పురుగును చంపి పక్కగదిలో పెంచడమే.

ఫిజీలో జరిపిన పరిశోధనలో, దురద ఉన్నా లేకపోయినా ఊరంతటికీ ఐవర్‌మెక్టిన్ ఇచ్చిన చోట గజ్జి ఏడాదిలో 32.1 శాతం నుంచి 1.9 శాతానికి తగ్గింది.

9.4 గుర్తించడం

రాత్రిళ్ళు ఎక్కువయ్యే దురద, ఇంట్లో ఒకరికంటే ఎక్కువమందికి ఉండడం ముఖ్యమైన ఆనవాళ్ళు. పెద్దవారిలో వేళ్ళ సందులు, మణికట్టు, చంకలు, నడుము, బొడ్డు చుట్టూ, మర్మావయవాల దగ్గర పొక్కులు కనిపిస్తాయి. పసిపిల్లల్లో అరచేతులు, అరికాళ్ళు, ముఖం, తలమీద కూడా వస్తాయి. గుండ్రంగా అంచుకట్టి వ్యాపించే మచ్చ అయితే అది తామర కావచ్చు. దాని కారణం శిలీంధ్రం, మందూ వేరే.

9.5 చికిత్స

వైద్యులు సాధారణంగా 5 శాతం పెర్మెత్రిన్ క్రీము రాస్తారు. రెండు నెలలు నిండిన పిల్లలనుంచి దీన్ని వాడవచ్చు. అంతకంటే చిన్న శిశువులకు, గర్భిణులకు ఏ మందన్నది వైద్యుడే నిర్ణయించాలి. ఐవర్‌మెక్టిన్ మాత్రలను 15 కిలోలకు తక్కువ బరువున్న పిల్లలకు, గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు.

క్రీము రాసే పద్ధతి:
1. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. పిల్లను ఎత్తుకునే అమ్మమ్మ, నాయనమ్మ, ఆయా కూడా ఈ లెక్కలోకి వస్తారు.
2. ఒళ్ళు పొడిగా, చల్లగా ఉన్నప్పుడు మెడనుంచి అరికాళ్ళ దాకా రాయాలి. పొక్కులున్నచోట మాత్రమే రాస్తే సరిపోదు. గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో మరవకూడదు.
3. రెండేళ్ళలోపు పిల్లలకు కళ్ళు, నోరు వదిలి ముఖానికి, తలకు కూడా రాయాలి. చేతులు నోట్లో పెట్టుకోకుండా మేజోళ్ళు తొడగాలి.
4. పాలిచ్చే తల్లి పాలిచ్చేముందు రొమ్ము శుభ్రంగా తుడుచుకుని, తరవాత మళ్ళీ రాసుకోవాలి.
5. 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేయాలి. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్ళీ రాయాలి.
6. 7 నుంచి 14 రోజుల మధ్య అందరూ రెండోసారి రాసుకోవాలి.

రెండోసారి ఎందుకో జీవితచక్రమే చెబుతుంది. మొదటిసారి కొన్ని గుడ్లు మిగిలిపోవచ్చు. వాటినుంచి వచ్చిన డింభకాలు పెద్దవై గుడ్లు పెట్టకముందే వాటిని చంపాలి.

చికిత్స సరిగా జరిగినా దురద 2 నుంచి 4 వారాలు ఉండవచ్చు. చచ్చిన పురుగుల అవశేషాలు చర్మంలో మిగలడమే దీనికి కారణం. దురద పోలేదని పిల్లలకు రోజూ క్రీము రాయకండి. కొత్త పొక్కులు వస్తుంటే మాత్రం వైద్యుణ్ణి కలవండి.

9.6 బట్టలు, ఇల్లు, బడి

రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులోని షెఫీల్డులో కెన్నెత్ మెలన్‌బీ స్వచ్ఛంద సేవకులను గజ్జి రోగుల పక్కబట్టల్లో పడుకోబెట్టి పరిశీలించాడు. చాలా కొద్దిమందికే జబ్బు సోకింది. గజ్జి ప్రధానంగా ఒంటికి ఒళ్ళు తగలడం వల్ల వస్తుంది. మనిషిని వదిలిన పురుగు 2, 3 రోజులకు మించి బతకదు. కాబట్టి గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరేస్తే చాలు. ఉతకలేని బొంతలను, బొమ్మలను సంచిలో మూటకట్టి కనీసం మూడు రోజులు, వీలైతే వారం పక్కన పెట్టండి. ఇల్లంతా పురుగుమందు కొట్టనక్కరలేదు.

మొదటిసారి మందు రాసిన మర్నాటినుంచి పిల్లలను బడికి పంపవచ్చు. ఉపాధ్యాయులకు, ఆటల్లో కలిసే పిల్లల తల్లిదండ్రులకు విషయం చెప్పడం మర్యాద, అవసరం కూడా.

9.7 చేయకూడనివి

• కిరోసిన్, పొలం మందులు పిల్లల ఒంటికి రాయకూడదు. అవి విషం.
• దుకాణంలో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ క్రీములు వాడకూడదు. దురద అణగుతుంది, పురుగు మిగులుతుంది, జబ్బు ఆనవాళ్ళు చెరిగిపోతాయి.
• గోకిన పుండ్లు చీము పడితే ఆలస్యం చేయకూడదు. ఆ పుండ్లలో చేరే స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా వల్ల పిల్లల మూత్రపిండాలు వాచే ప్రమాదముంది. ముఖం ఉబ్బినా, మూత్రం ఎర్రగా వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

9.8 సారాంశం

గజ్జిలో రోగి పిల్లవాడు కాదు, కుటుంబం. అందరూ, ఒకే రాత్రి, రెండుసార్లు – ఈ మూడు మాటలు గుర్తుంటే చికిత్స సగం పూర్తయినట్లే. ఎవరినుంచి వచ్చిందని వెతకడం వల్ల జబ్బు తగ్గదు. ఆ రోజు మేం గుమ్మం బయట నిలబెట్టిన పక్కింటి పిల్లవాడి ఇంటికి, నిందకు బదులు, ఒక మాట చెప్పి ఉంటే రెండిళ్ళూ ఒకే వారంలో బాగుపడేవి.

9.9 మాదిరి ప్రశ్నలు

1. గజ్జి పురుగు జీవితచక్రం ఆధారంగా రెండో విడత మందు ఎందుకు అవసరమో వివరించండి.
2. దురద లేని వ్యక్తినుంచి గజ్జి ఎలా వ్యాపిస్తుంది?
3. తల్లిదండ్రులు, నాయనమ్మ, ఆరేళ్ళ బాలుడు, పది నెలల పాప ఉన్న ఇంట్లో బాలుడికి గజ్జి వచ్చింది. ఎవరెవరికి, ఎప్పుడు, ఎలా మందు రాయాలో పట్టిక రూపంలో రాయండి.