పాతబట్టల మూట - ఒక లెక్కల పాఠం

విద్యార్థి సంఘం వారు ఈ యేటి సంచికకు ఏదైనా సైన్సు వ్యాసం వ్రాయమన్నారు. అణువుల గురించీ, నక్షత్రాల గురించీ నాకంటే బాగా వ్రాయగలవారు మా క్లాసులోనే ఉన్నారు. నేను మాత్రం పాతబట్టల గురించి వ్రాస్తాను. నవ్వకండి. నాకు రసాయన శాస్త్రమూ, అర్థశాస్త్రమూ కాస్తో కూస్తో ఒంటబట్టింది ఆ మూటల దగ్గరే.

మాది పెద్దాపురం దగ్గర ఒక పల్లెటూరు. ఏలేరు నీటి మీద మూడెకరాల వ్యవసాయం. 2024 సెప్టెంబరులో ఏలేరుకు వరద వచ్చి చేలు మునిగిన సంగతి మీలో చాలామందికి తెలుసు. మా వరీ అందులోనే పోయింది. పరీక్ష ఫీజు కోసం నాన్నను అడగడానికి నోరు రాలేదు. పాతబట్టలు మూటల లెక్కన కొని, ఏరి, ఉతికి, విడివిడిగా అమ్మితే నాలుగు డబ్బులు మిగులుతాయని ఒక మిత్రుడు చెప్పాడు. ఇంట్లో అమ్మ కుట్టుమిషను ఉండనే ఉంది. గాదెలో మిగిలిన పాత వడ్లు అమ్మిన డబ్బులోంచి నాన్న ఐదువేలు ఇచ్చాడు. ఇస్తూ, "పట్టుబట్టలు నేసే ఊళ్ళో పాతబట్టలు అమ్ముతావేంట్రా?" అన్నాడు. కోప్పడినా బాగుండేది. మెల్లిగా అన్నాడు.

అసలీ పాతబట్టలు ఎక్కడినుంచి వస్తాయి? ఒక దారి మనందరికీ తెలిసిందే. "పాతబట్టలకు స్టీలు సామాన్లూ" అని కేకవేస్తూ వీధిలోకి వచ్చేవారికి మన అమ్మలు ఓ చీర, రెండు ప్యాంట్లు ఇచ్చి గిన్నె పుచ్చుకుంటారు. ఉత్తరాదిన ఇదే పనిని తరతరాలుగా వాఘ్రీలు చేస్తున్నారు. ఢిల్లీ రఘుబీర్ నగర్‌లో తెల్లవారకముందే వారి పాతబట్టల సంత మొదలవుతుంది. రెండవ దారి విదేశాలది. అక్కడివారు వదిలేసిన బట్టలు కంటైనర్లలో గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలికి వస్తాయి. అక్కడ వాటిని రకాలుగా ఏరి, చాలా భాగం తిరిగి ఇతర దేశాలకు పంపుతారు. తొడుక్కునే పాతబట్టలను మన దేశంలోకి స్వేచ్ఛగా దిగుమతి చేసుకోవడానికి వీలులేదు, లైసెన్సు కావాలి. ముక్కలుగా కోసేసిన పీలికలు మాత్రం పానిపట్టు మిల్లులకు పోయి, మళ్ళీ నూలై, దుప్పట్లవుతాయి. పాత ఉన్నిని చీల్చి కొత్త నూలు తీసే ఈ విద్యను 1813లో ఇంగ్లండులోని బాట్లీ అనే ఊళ్ళో బెంజమిన్ లా అనే ఆయన మొదలుపెట్టాడు. కావున ఎవరైనా బిల్లు లేకుండా "ఫారిన్ మూట" అమ్మజూపితే దాని జోలికి పోకండి.

ఇక నా మొదటి మూట. యాభై కిలోలు, కిలో తొంభై చొప్పున 4,500 రూపాయలు. లారీ పార్సిలు 250. మూట మూతి దగ్గర మంచి మంచి చొక్కాలు కనిపించాయి. అంతా అలాగే ఉంటుందనుకుని కట్టు విప్పించకుండా తెచ్చేశాను. ఇంటికొచ్చి విప్పితే లోపలంతా ఉన్ని స్వెట్టర్లు, కోట్లు! రోహిణీకార్తెలో రోళ్ళు పగిలే మన గోదావరి ఎండలకు ఎవరు తొడుక్కుంటారండీ అవి? వడ్ల బస్తాకు బొంగు గుచ్చి లోపలి గింజ చూడందే బేరమాడని రైతుబిడ్డను నేను, మూట దగ్గర మాత్రం మోసపోయాను.

నాన్న ఏమీ అనలేదు. కళ్ళంలో వడ్లు తూర్పారబట్టినట్టే అమ్మా నేనూ కూర్చుని ఏరాం. మొత్తం 160 బట్టలు. స్వెట్టర్లు, కోట్లు 62. ఉన్నవున్నట్టు అమ్మదగినవి 41. గుండీలు, కుట్లు వేస్తే పనికొచ్చేవి 29. మిగిలిన 28 తాలు.

ఏరడంలో మన ల్యాబు చదువు పనికొచ్చింది. గుడ్డ అంచునుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, నిప్పు చూపాలి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. ఉన్ని, పట్టు అయితే వెంట్రుకలు కాలిన వాసన. ఎందుకంటే అవీ వెంట్రుకలాగే ప్రొటీనులు. పాలియెస్టరైతే కరిగి, ముడుచుకుని, చల్లారాక గట్టి పూసలాగా అవుతుంది. ఈ పాలియెస్టరు దారాన్ని 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు కనిపెట్టారు. గుడ్డ ఏదో తెలిస్తే ఎలా ఉతకాలో తెలుస్తుంది. నూలును వేడినీళ్ళలో నానబెట్టవచ్చు. ఉన్నిని అలా చేస్తే ముడుచుకుపోయి చంటిపిల్లాడి చొక్కా అవుతుంది.

"ఎవరు తొడుక్కున్నవో ఏమిటో, గజ్జి అంటుకోదూ?" అని చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్నే. గజ్జి కలిగించే పురుగు మనిషి ఒంటిని వదిలాక సాధారణంగా రెండు మూడు రోజులకు మించి బ్రతకదు. 50 డిగ్రీల వేడిలో పది నిమిషాలుంచితే చస్తుంది. కనుక నూలుబట్టలను వేడినీళ్ళలో ఉతికి, ఎండలో ఆరేశాం. వేడి పనికిరాని వాటిని ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి వారం రోజులు పక్కన పెట్టి, తర్వాత చన్నీళ్ళలో ఉతికాం. అడిగిన ప్రతివారికీ ఈ సంగతి చెప్పేవాణ్ణి. కుట్టు వేసిన చోటు కూడా నేనే చూపించేవాణ్ణి. చూపించకుండా అమ్మితే ఒకసారి అమ్ముడవుతుంది, చూపించి అమ్మితే రెండోసారి కూడా వస్తారు.

మంచివి అరవై రూపాయల చొప్పున 2,460, కుట్టినవి ముప్ఫై చొప్పున 870, తాలు ఆరు కిలోలు మెకానిక్ షెడ్డులో వేస్టుగుడ్డ క్రింద 150. వెరసి 3,480. సబ్బులకు, దారాలకు అయిన 420తో కలిపి నా ఖర్చు 5,170. ఇంకా 1,690 రావాలి. స్వెట్టర్లు మాత్రం మంచం క్రింద కూర్చుని నన్ను చూస్తున్నాయి.

అప్పుడు అమ్మే చెప్పింది, "మనకు ఉక్కపోత గానీ, ఏజెన్సీలో చలే కదరా" అని. డిసెంబరులో మూట ఎత్తుకుని బస్సెక్కి మారేడుమిల్లి వైపు వెళ్ళాను. రెండు సంతలలో 38 స్వెట్టర్లు, ఎనభై చొప్పున అమ్ముడయ్యాయి. 3,040 వచ్చింది. ఛార్జీలు, తిండీ పోను 2,440 మిగిలింది. సరుకు మారలేదు, చోటు మారింది. అంతే!

పాత లోటు తీసేస్తే 750 రూపాయల లాభం. గర్వంగా పుస్తకం నాన్న ముందు పెట్టాను. అంతా చదివి, "మీ అమ్మ మిషను తొక్కిన కూలి ఎక్కడ వ్రాశావురా?" అని అడిగాడు. వ్రాయలేదు. నా కూలీ వ్రాయలేదు. వ్రాస్తే లాభం కాదు, నష్టమే. "వ్యవసాయమూ ఇంతే. మన కష్టం లెక్కలో వేసుకోము. అందుకే పంట వచ్చిన యేడు కూడా ఎక్కడ నష్టపోయామో తెలియదు" అన్నాడు. తర్వాత చూస్తే, పంటలకు మద్దతు ధర సిఫారసు చేసే వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ వారి లెక్కల్లో కూడా ఇంటిల్లిపాది కష్టానికి ప్రత్యేకంగా ఒక పద్దు ఉంది. కమిషన్ వేసే ఆ పద్దు, వేసుకోవలసిన మేము వేసుకోలేదు.

రెండవ మూట 2025 వేసవిలో తెచ్చాను. ఈసారి కట్టు విప్పి చూపిస్తేనే అన్నాను. అందుకు కిలోకు ఇరవై ఎక్కువ అడిగారు, ఇచ్చాను. చూసి కొనడానికి కూడా ఒక ధర ఉంటుందని అప్పటికే తెలిసింది. నలభై కిలోలు, అన్నీ నూలు చొక్కాలు, పిల్లల గౌనులు. మూట 4,400, పార్సిలు, సబ్బులు కలిపి 650. అమ్మకు ముప్ఫై గంటలు, నాకు ముప్ఫై గంటలు, గంటకు నలభై చొప్పున 2,400. మొత్తం 7,450. ఆషాఢంలో మరిడమ్మ జాతరకు వచ్చే జనానికి అమ్మాను. 8,300 వచ్చింది. లాభం 850 రూపాయలే. కానీ ఇది ఎవరి కష్టాన్నీ మింగని లాభం. అమ్మ చేతిలో 1,200 పెట్టినప్పుడు ఆమె రెండుసార్లు లెక్కపెట్టుకుంది. తన మిషను పనికి ఇంట్లోవాళ్ళ నుంచి డబ్బు పుచ్చుకోవడం అదే మొదలట.

మిత్రులలో ఎవరైనా ఈ పని చేయదలచుకుంటే నాలుగు మాటలు. కట్టు విప్పి చూడండి. బిల్లు అడగండి. మన ఎండకు ఏది కావాలో ముందే ఆలోచించండి. పుస్తకంలో మొదటి పద్దుగా ఇంట్లోవాళ్ళ కూలి వ్రాయండి. రోడ్డు ప్రక్కన అమ్మేవారికి రక్షణగా 2014లో వీధి విక్రేతల చట్టం వచ్చింది. మున్సిపాలిటీలో అడిగి ఆ చట్టం క్రింద గుర్తింపు పొందండి.

పరీక్ష ఫీజు కట్టాను. నాన్న ఐదువేలూ తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. మొన్న నాట్లకు మనుషులను పిలిచినప్పుడు మాత్రం నా పాత నోటుబుక్కు ఒకటి అడిగి తీసుకున్నాడు. మొదటి పేజీలో కూలీల పేర్ల క్రింద అమ్మ పేరూ, తన పేరూ వ్రాసి ఉన్నాయి.