అంతర్జాతీయ వైద్య సదస్సులు - విశ్వవిద్యాలయ బాధ్యత: విట్‌వాటర్స్‌రాండ్ ఉదంతం

1. ఉపోద్ఘాతం:

అంతర్జాతీయ వైద్య పరిశోధన సదస్సులో సమర్పించే పత్రం మీద పరిశోధకుని పేరుతో పాటు అతని విశ్వవిద్యాలయం పేరు కూడా ఉంటుంది. శ్రోతలు ఆ పేరును ఒక హామీగా స్వీకరిస్తారు. ఆ హామీకి ఆధారాలు ఏమిటో ఒక ఉదంతం ద్వారా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. సదస్సు పరిశీలనకు గల పరిధి:

పరిశోధకులు సాధారణంగా కొన్ని వందల పదాల పత్రసంగ్రహాన్ని సదస్సుకు పంపుతారు. ఎంపిక సంఘం దానిని చదివి ప్రసంగానికో, పోస్టరు ప్రదర్శనకో అనుమతిస్తుంది. రోగుల రికార్డులు, సమ్మతి పత్రాలు ఆ సంఘం ముందుకు రావు. సదస్సు ముగిసిన తరువాత పూర్తి వ్యాసాలుగా వెలువడేవీ తక్కువే. 2018లో కోక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష మూడు లక్షలకు పైగా పత్రసంగ్రహాలను పరిగణనలోకి తీసుకుంది. వాటిలో పూర్తి వ్యాసాలుగా వెలువడినవి సుమారు 37 శాతం. సానుకూల ఫలితాలున్న వాటికే ప్రచురణావకాశం ఎక్కువని కూడా ఆ సమీక్ష తేల్చింది.

3. విట్‌వాటర్స్‌రాండ్ ఉదంతం:

రొమ్ము క్యాన్సర్‌కు అత్యధిక మోతాదులో కీమోథెరపీ ఇచ్చి, దానివల్ల దెబ్బతిన్న మూలుగను మూలకణాలతో పునరుద్ధరించే చికిత్సను 1990వ దశకంలో వేలమంది స్త్రీలు పొందారు. ఆ చికిత్స ప్రాణాపాయంతో కూడినది. 1999 మే నెలలో అట్లాంటాలో జరిగిన అమెరికన్ సొసైటీ ఆఫ్ క్లినికల్ ఆంకాలజీ వార్షిక సదస్సులో దీనిపై ఐదు క్లినికల్ ట్రయల్స్ ఫలితాలు సమర్పించబడ్డాయి. నాలుగింటిలో చెప్పుకోదగిన ప్రయోజనం కనిపించలేదు. దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వెర్నర్ బెజ్వోడా సమర్పించిన పత్రం మాత్రం స్పష్టమైన మేలు జరిగిందని ప్రకటించింది.

ఆ ఫలితం ఆధారంగా మరింత పెద్ద ప్రయోగం చేపట్టే ఆలోచనతో అమెరికా నిపుణుల బృందం 2000 జనవరిలో జొహానెస్‌బర్గ్ వెళ్లి రికార్డులను పరిశీలించింది. సదస్సులో చెప్పిన వివరాలకు, రికార్డులకు పొంతన కుదరలేదు. సంతకాలున్న సమ్మతి పత్రాలు బృందానికి కనిపించలేదు. ఆ చికిత్సా ప్రయోగానికి అనుమతి ఇచ్చినట్లు సంస్థాగత సమితి వద్ద దాఖలాలు లేవు. పోలిక కోసం ఎంచుకున్న వర్గానికి ఇచ్చిన మందుల గురించి తప్పుగా చెప్పానని బెజ్వోడా అంగీకరించాడు. విశ్వవిద్యాలయం అతనిని తొలగించింది. పరిశీలన నివేదిక అదే సంవత్సరం 'లాన్సెట్' పత్రికలో వెలువడింది.

4. విశ్లేషణ:

ఈ లోపాలలో ముఖ్యమైనవి సదస్సుకు ముందే, విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే గుర్తించదగినవి. నైతిక సమితి అనుమతి, రోగుల సమ్మతి, రికార్డుల భద్రత అనేవి వేదిక మీద పరీక్షకు రాని అంశాలు. వాటిని చూడగలిగినది మాతృసంస్థ ఒక్కటే. భారతదేశంలో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ 2007లో ప్రారంభమైంది. 2009 జూన్ నుంచి ట్రయల్స్‌ను అందులో ముందుగానే నమోదు చేయడం తప్పనిసరి అయింది. ముందే నమోదైన ప్రణాళికను తరువాత ప్రకటించిన ఫలితంతో ఎవరైనా పోల్చి చూడవచ్చు.

5. ముగింపు:

సదస్సులో ఎన్ని పత్రాలు సమర్పించారన్న లెక్క విశ్వవిద్యాలయ వార్షిక నివేదికలకు సరిపోవచ్చు. రోగికి అది చాలదు. ప్రతి పత్రానికి ముందు అనుమతి, నమోదు. తరువాత పూర్తి ప్రచురణ, ఫలితం ప్రతికూలమైనా సరే, ఉన్నాయా అని సంస్థ తనను తాను ప్రశ్నించుకోవాలి. ఆ ప్రశ్నకు ఆధారాలతో సమాధానం చెప్పగలిగినప్పుడే పత్రం మీది విశ్వవిద్యాలయం పేరు హామీ అవుతుంది.